నవల మూసిన తరువాత

1932లో తెనాలి ఐతానగరం కుర్రవాడొకరు క్షయతో మదనపల్లె శానిటోరియంలో చేరారు. పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. అప్పటికి ఆయనకు ఇరవైనాలుగేళ్లు. క్షయ క్రిములను చంపే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ దొరకడానికి ఇంకా పదకొండేళ్లు పడుతుంది. అంతదాకా ఆ రోగానికి వైద్యమంటే కొండగాలి, పాలు, గుడ్లు, నెలల తరబడి మంచం మీద పడుకోవడం. ఒళ్లు కదలకూడదు, మనసు మాత్రం ఊరుకోదు. బతుకుతానా, ఊరికి తిరిగి వెళ్తానా, అప్పు ఎవరు తీరుస్తారు అని అది తిరిగిన చోటే తిరుగుతుంటుంది.

సుబ్బారావు ఆ నెలల్లో తోటి రోగి ఒకాయన దగ్గర బెంగాలీ నేర్చుకున్నారు. ఊరికి తిరిగొచ్చాక శరత్‌చంద్ర చటర్జీ నవలలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. శరత్ బెంగాలీవాడంటే నమ్మని తెలుగు పాఠకులు ఉండేవారంటే, ఆ అనువాదాలు ఎంత తెలుగుగా ఉన్నాయో ఊహించుకోవచ్చు. ఆయన కలంపేరు చక్రపాణి. 1947 జూలైలో నాగిరెడ్డితో కలిసి ‘చందమామ’ను తెచ్చిందీ, విజయా సంస్థ సినిమాల వెనక ఉన్నదీ ఆ చక్రపాణే.

నవలలు ఆయన ఊపిరితిత్తులను బాగుచేశాయని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ మంచం పట్టిన మనిషికి కథ ఏం చేసి ఉంటుంది? ఈ ప్రశ్నకు తొంభై ఏళ్ల కిందట ఊహలే తప్ప జవాబు లేదు. ఇప్పుడు కొంత ఉంది. అది మనం గోడల మీద రాసుకునే ‘పుస్తకం హస్తభూషణం’ లాంటి జవాబు కాదు. కాస్త మెలికలున్న జవాబు.

ముందుగా మనసు ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తుందో చూద్దాం. 2010లో హార్వర్డ్ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ రెండువేల పైచిలుకు మందిని ఫోన్ ద్వారా పగటిపూట ఎప్పుడు పడితే అప్పుడు పలకరించి అడిగారు: ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు ఆ పని మీదే ఉందా, సంతోషంగా ఉన్నారా? దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు మనుషులు అంత సంతోషంగానూ లేరు. మెదడులో ఇందుకు సంబంధించిన భాగాల సముదాయం ఒకటుంది. పని లేనప్పుడు చురుగ్గా ఉండే ఆ సముదాయానికి 2001లో మార్కస్ రైకల్ బృందం ‘డిఫాల్ట్ మోడ్’ అని పేరు పెట్టింది. నిన్న జరిగింది, రేపు జరగబోయేది, ఎదుటివాడు నా గురించి ఏమనుకుంటున్నాడు వంటివన్నీ అక్కడ నడుస్తాయి. దిగులు పట్టిన మనిషిలో ఆ ఆలోచన గానుగెద్దులా ఒకే చుట్టు తిరుగుతుంది. ఇలా తలపోసుకుంటూ కూర్చోవడం దిగులును పొడిగిస్తుందని సూసన్ నోలెన్ హోక్సిమా అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి పరిశోధించి చూపించారు.

ఇక్కడే ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడింది. కథ చదువుతున్నప్పుడు, ముఖ్యంగా పాత్రల మనసులో ఏం జరుగుతోందో చెప్పే చోట్ల, చురుగ్గా పనిచేసేవాటిలో ఈ సముదాయమూ ఉందని 2016లో డయానా టమీర్ బృందం గమనించింది. అంటే నా గురించి నేను కుమిలిపోవడానికి వాడే సరంజామానే ‘దేవదాసు’లోని పార్వతి గురించో ‘అసమర్థుని జీవయాత్ర’లోని సీతారామారావు గురించో ఆలోచించడానికి నవల అప్పు తీసుకుంటోందన్నమాట. మనసును ఊరుకోబెట్టడం ఎవరి వల్లా కాదు. కానీ దానికి వేరే మనిషి కష్టాన్ని అప్పగించవచ్చు. నాకు తెలిసినంతలో, కల్పన మనకు చేసే మేలుకు ఇంతకంటే సూటి వివరణ లేదు.

మెదడు ఈ పనిని కేవలం మాటలుగా చేయదు. 2009లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నికోల్ స్పియర్, సహచరులు మనుషులను స్కానర్‌లో పడుకోబెట్టి కథ చదివించారు. పాత్ర ఏదైనా వస్తువును చేత్తో పట్టుకున్న చోట, చదివేవారి మెదడులో చేతి కదలికలకు సంబంధించిన ప్రాంతాలు స్పందించాయి. పాత్ర ఒకచోటి నుంచి మరొక చోటికి వెళ్తే వేరే ప్రాంతాలు కదిలాయి. ‘చందమామ’లో ‘తోకచుక్క’, ‘మకరదేవత’ సీరియల్స్ చదివి రాత్రి దుప్పటి ముసుగేసుకున్న పిల్లలకు ఈ సంగతి స్కానర్ లేకుండానే తెలుసు. వాటిని రాసిన దాసరి సుబ్రహ్మణ్యం తెనాలి ప్రాంతం వారే. ఆ పత్రికను 1952 నుంచి నడిపిన కొడవటిగంటి కుటుంబరావు పుట్టింది తెనాలిలో.

అయితే, మేలు ఎంత? దీనిమీద శాస్త్రవేత్తలు బాగానే తగువులాడుకున్నారు. 2013 అక్టోబరులో ‘సైన్స్’ పత్రికలో న్యూయార్క్‌కు చెందిన డేవిడ్ కిడ్, ఎమాన్యుయేల్ కస్టానో ఒక వ్యాసం ప్రచురించారు. సాహిత్య విలువలున్న కథలో కొన్ని పేజీలు చదివిస్తే చాలు, కళ్ల ఫొటోలు చూసి ఎదుటి మనిషి మనసులోని భావం పసిగట్టే పరీక్షలో మార్కులు పెరుగుతున్నాయన్నారు. ప్రపంచమంతా ఆ వార్త పాకింది. కథలు రాసేవాళ్లు, తాము గొప్పవాళ్లమని ముందే తెలుసన్నట్టు మురిసిపోయారు. ఐదేళ్లకు, 2018లో, పేరున్న పత్రికల్లో అచ్చయిన 21 ప్రయోగాలను పెద్ద బృందం ఒకటి మళ్లీ చేసి చూసింది. 13 నిలిచాయి. కిడ్, కస్టానోల ప్రయోగం నిలవని ఎనిమిదింటిలో ఉంది. అదే ఏడాది డాడెల్ ఫెడర్, టమీర్ పద్నాలుగు అధ్యయనాలను కలిపి లెక్కగట్టి, కల్పన చదివితే ఎదుటివారి మనసును అర్థం చేసుకునే శక్తి పెరుగుతుంది గానీ ఆ పెరుగుదల చిన్నదని తేల్చారు.

మరో లెక్క మీ వాట్సాప్‌కూ వచ్చే ఉంటుంది. ఆరు నిమిషాలు చదివితే ఒత్తిడి 68 శాతం తగ్గుతుందట. అది 2009లో బ్రిటన్‌లో ఒక చాక్లెట్ కంపెనీ ప్రచారం కోసం, కొద్దిమంది మీద చేసిన పరీక్ష. తోటి శాస్త్రవేత్తలు పరిశీలించే పత్రికలో అచ్చయినది కాదు. అంత కచ్చితమైన అంకె కనిపించగానే నమ్మేయడం మన బలహీనత.

ఇంతకంటే గట్టిది యేల్ విశ్వవిద్యాలయం వారి లెక్క. యాభై దాటిన 3,635 మందిని పన్నెండేళ్ల పాటు గమనిస్తే, పుస్తకాలు చదివేవారు చదవనివారి కంటే సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికారని 2016లో ప్రకటించారు. చదువు, ఆస్తి, అప్పటికే ఉన్న జబ్బులు వంటి తేడాలను లెక్కలో సరిచేసుకున్నాకే ఈ మాట అన్నారు. అయినా పుస్తకం ఆయుష్షు పెంచిందో, ఆయుష్షున్నవారే పుస్తకం పడుతున్నారో ఇలాంటి అధ్యయనం తేల్చలేదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ పట్టినది 2022లో జేమ్స్ కార్నీ, కోల్ రాబర్ట్‌సన్ ప్రచురించిన ఐదు అధ్యయనాలు. కథ చదివిన వెంటనే మనసు కుదుటపడుతుందా అని చూశారు. పెద్దగా లేదు. మరి మేలెక్కడ కనిపించిందంటే, చదివినదాన్ని తరువాత గుర్తు చేసుకోవడంలో, నలుగురితో కలిసి దాని గురించి మాట్లాడుకోవడంలో. నవల మనసులో కుదురుకోవడానికి వ్యవధి కావాలి, బహుశా మరొక మనిషీ కావాలి.

ఈ ఫలితం చదవగానే, పుస్తకాల మీద వాదనలు నడిచిన తెనాలి కాఫీ హోటళ్లు గుర్తుకు రాకపోతే ఆశ్చర్యం.

ఆ హోటళ్లలో ఒకదానిలో శారద పనిచేశారు. అసలు పేరు ఎస్. నటరాజన్, మాతృభాష తమిళం. 1925లో పుట్టి, పన్నెండేళ్ల వయసులో తండ్రి వెంట తెనాలి వచ్చారు. త్వరలోనే తండ్రి పోయాడు. బల్లలు తుడిచారు, ఇడ్లీలు అందించారు, తెలుగు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. దొరికిన పుస్తకమల్లా చదివారు. చదివి ఊరుకోలేదు. ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’, ‘ఏది సత్యం’ నవలలు, ఎన్నో కథలు రాశారు. ఆయనకు తోడు ఆలూరి భుజంగరావు, ఆయనా హోటల్ కార్మికుడే. తరువాతి కాలంలో రాహుల్ సాంకృత్యాయన్‌ను హిందీ నుంచి తెలుగులోకి తెచ్చిన భుజంగరావు, మిత్రుడి జీవితాన్ని ‘సాహిత్య బాటసారి శారద’ అనే పుస్తకంగా రాశారు. పొద్దస్తమానం చాకిరీ చేసి, రాత్రి చదివినదాని మీద వాదించుకున్న ఇద్దరు సర్వర్లు! ఇలాంటి స్నేహాన్ని కార్నీ అధ్యయనంలో కొలిచి ఉంటే ఎంత బావుండేదో.

ఈ నేలమీద చదువు ఒంటరి వ్యవహారంగా ఎప్పుడూ లేదు. 1914లో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిగింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం పుట్టింది. ఆ ఊరిప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. దుగ్గిరాల దగ్గరి పెదపాలెంకు చెందిన పాతూరి నాగభూషణం మరొక అడుగు వేసి 1935లో పుస్తకాలను పడవకెక్కించారు. కృష్ణా కాలువ మీద ఊరూరా ఆగుతూ వెళ్లిన పడవ గ్రంథాలయం అది. ధాన్యం, కొబ్బరి, కర్ర తిరిగిన నీళ్ల మీద నవలలు తిరిగాయి. చదవడం రానివారికి చదివి వినిపించడం ఆనాటి గ్రంథాలయ ఉద్యమంలో భాగం. ఒకరు చదువుతుంటే పదిమంది విని, అరుగు దిగేలోపు అందులోని మనుషుల మంచిచెడ్డల మీద తీర్పులు చెప్పేవారు. మూగగా చదివి పుస్తకం మూసేసే ఇప్పటి అలవాటు కంటే మనసుకు అదే ఎక్కువ మేలు చేసి ఉంటుందని నా నమ్మకం.

వారపత్రికల కాలం కూడా అంతే. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికల్లో సీరియల్ చదివిన ఇల్లాలు వారం రోజులు ఆగాలి. ఆ వారంలో బావి దగ్గరా, దొడ్డిగోడ మీదుగా, రేపల్లె రైలుపెట్టెలో కథ మళ్లీ మళ్లీ నడిచేది. ‘ఆ పిల్ల తప్పేముంది చెప్పు వదినా?’ అని మొదలైన మాట, పాత్రను పక్కన పెట్టి ఇంట్లో కోడలి సంగతి దాకా వెళ్లేది. తన బాధను తనదిగా చెప్పుకోలేని చోట నవల్లో పిల్లను అడ్డం పెట్టుకుని చెప్పుకునే వీలు దొరికింది. ఒకేసారి పది భాగాలు తెల్లవార్లూ చూసేసే ఓటీటీ యుగంలో ఆ వారం రోజుల విరామం పోయింది.

ఆ నవలల మీద అప్పట్లో పెద్ద విమర్శ ఉండేది. యద్దనపూడి సులోచనారాణి కథానాయకులు, వాళ్ల కార్లు, మేడలు పట్టుకుని ‘పలాయనవాదం’ అని మేధావులు పెదవి విరిచారు. నార్వే మనస్తత్వవేత్త ఫ్రోడే స్టెన్‌సెంగ్ ఈ విషయాన్ని ఇంకాస్త ఓపిగ్గా చూశారు. ఒక వ్యాపకంలోకి పారిపోవడం రెండు రకాలు. ఒకటి ఉన్న బాధను చూడకుండా ఉండేందుకు తలదాచుకోవడం, రెండోది కాస్త సంతోషం, కాస్త కొత్త అనుభవం కోసం వెళ్లి రావడం. మొదటిది మనసుకు మేలు చేయదు, రెండోది చేస్తుంది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని గంటసేపు సులోచనారాణి ‘సెక్రటరీ’ చదివిన మనిషి ఏ రకానికి చెందుతుందో నవలను బట్టి తేలదు. పుస్తకం పక్కన పెట్టి ఆమె ఎలా లేచిందన్నదాన్ని బట్టి తేలుతుంది. విమర్శకులు నవలను చూశారు గానీ ఆమెను అడగలేదు.

మరి దిగులు నవల దిగులు పెంచదా? త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ తీసుకోండి. తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలిలో స్థిరపడి పురపాలక అధ్యక్షుడిగా పనిచేసినవారు. హేతువాది ఇంట పెరిగిన గోపీచంద్ తెలుగులో మొదటి మనోవైజ్ఞానిక నవల అనిపించుకున్నదాన్ని రాశారు. అందులో సీతారామారావు తన ఆలోచనల్లోనే చిక్కుకుని, ఒక్కో మనిషినీ దూరం చేసుకుంటూ, చివరికి శ్మశానం దాకా వెళ్తాడు. అంత చీకటి పుస్తకం చదివి తేలికపడ్డామనే పాఠకులున్నారు.

దీనికి మన ఆలంకారికులు వెయ్యేళ్ల కిందటే ఒక జవాబు ఇచ్చారు. కావ్యంలోని శోకం నా శోకమూ కాదు, ఫలానా వాడి శోకమూ కాదు. అందరిదీ అయిపోతుంది, అందుకే దాన్ని ఆస్వాదించగలం అన్నాడు భట్టనాయకుడు. దీన్ని సాధారణీకరణం అన్నారు. అభినవగుప్తుడు ఆ చర్చను ఇంకా లోతుకు తీసుకెళ్లాడు. ఇప్పటి మనస్తత్వవేత్తలు ‘సౌందర్య దూరం’ అంటూ చెప్పేది ఇంచుమించు ఇదే. సీతారామారావు కష్టం నాకు తగిలేంత దగ్గరగా ఉంటుంది, కాల్చేంత దగ్గరగా ఉండదు. నేను పేరు పెట్టలేకపోయిన న్యూనతకు ఆయన కథలో ఒక ఆకారం కనిపిస్తుంది. నా ఒక్కడికే ఈ జబ్బు అనుకున్నది ఇంకొకరికీ ఉందని తెలుస్తుంది.

ఆ దూరం చెరిగిపోతే మాత్రం ప్రమాదమే. జర్మన్ రచయిత గేటె 1774లో రాసిన ‘వెర్టర్’ నవల నాయకుణ్ని అనుకరించి యువకులు ప్రాణాలు తీసుకున్నారన్న భయంతో కొన్నిచోట్ల ఆ పుస్తకాన్ని నిషేధించారు. ఇలా ఒకరిని చూసి మరొకరు ఆత్మహత్యకు పాల్పడటాన్ని 1974లో సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫిలిప్స్ ‘వెర్టర్ ప్రభావం’ అన్నారు. చక్రపాణి తెలుగు చేసిన ‘దేవదాసు’ను కూడా అలా చదివినవారు, అలా తాగినవారు లేకపోలేదు. శరత్ తన నాయకుణ్ని చూసి జాలిపడమన్నాడు గానీ ఆదర్శంగా తీసుకోమనలేదు. అప్పుడే దెబ్బతిని ఉన్న మనిషికి ఎలాంటి పుస్తకం ఇస్తున్నామో ఆలోచించి ఇవ్వాలి.

పుస్తకాన్ని వైద్యంలో భాగం చేయడం పాశ్చాత్య దేశాల్లో కొత్త సంగతి కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల ఆసుపత్రులకు గ్రంథాలయాలు వచ్చాయి. 1916లో శామ్యూల్ క్రాదర్స్ అనే అమెరికన్ రచయిత ‘బిబ్లియోథెరపీ’ అన్న పేరు పెట్టాడు. ఇంగ్లండ్‌లో 2013 నుంచి డాక్టర్లు చీటీ రాసిస్తే గ్రంథాలయంలో పుస్తకం ఇచ్చే పథకం నడుస్తోంది. కానీ ఆ చీటీల్లో రాసేవి ఎక్కువగా ఆందోళన, కుంగుబాటు నుంచి బయటపడేందుకు సాధన నేర్పే పుస్తకాలు. తేలికపాటి కుంగుబాటుకు పనిచేస్తాయని గట్టి ఆధారాలున్నదీ వాటికే. నవలకు ఆ స్థాయి ఆధారాలు లేవు. ఒకదాని ఘనతను మరొకదానికి అంటగట్టి మాట్లాడేవారిని నమ్మకండి.

శారద సంగతికే మళ్లీ వద్దాం. ఆయనకు మూర్ఛరోగం ఉండేది. సాహిత్యం ఆయనకు పేరు, స్నేహం, బతకాలన్న పట్టుదల ఇచ్చింది. మూర్ఛకు మందు ఇవ్వలేదు. అప్పటికే ఫినోబార్బిటాల్, ఫినిటాయిన్ అనే మందులు లోకంలో ఉన్నాయి. పేదరికం, విశ్రాంతి లేని చాకిరీ ఆయన్ను వదల్లేదు. 1955లో, ముప్పై ఏళ్లకు, ఆ జబ్బుతోనే పోయారు. నవల మనసుకు మందు అని ఎవరైనా ఉత్సాహంగా చెప్పినప్పుడల్లా తెనాలివారు ఈ చావును గుర్తుచేయాలి.

2015-16లో మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారు. జబ్బును బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, దేనిమీదా ఇష్టం కలగకపోతే, చచ్చిపోవాలనిపిస్తే గ్రంథాలయానికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

అంత దూరం రాని రోజువారీ దిగులుకు, ఒంటరితనానికి, పొద్దుపోని వయసుకు నవల పనికొస్తుంది. ఒంటరిగా చదవకండి. ఇంట్లో ఒకరికైనా చదివి వినిపించండి, లేదా అదే పుస్తకం చదివిన మరొకరిని వెతుక్కోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపన్ను కట్టే ప్రతివారూ రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు. తెనాలి, బాపట్ల, రేపల్లె శాఖా గ్రంథాలయాల బీరువాల్లో ఆ డబ్బుతో కొన్న పుస్తకాలున్నాయి. వెళ్లి తెచ్చుకోండి.